సగం కలువ

నాకు బొమ్మలు వెయ్యడం చేతకాదు. ఇంత చిన్న మాట నలుగురికీ చెప్పడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఎందుకంటే చదువుకునే రోజుల్లో కాలేజీ మొత్తం మీద బొమ్మలు బాగా వేస్తుందన్న పేరు నాదే. నిజానికి ఆ పేరు మా మేనత్తది. ఆవిడ దగ్గర తీసుకున్నాను, తిరిగి ఇవ్వలేదు.

యాభైల్లో మాకు తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టుండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా నాన్నగారు నన్ను ఏలూరులో ఇంటర్మీడియట్‌లో చేర్పించారు. పొద్దున్న పాసింజరులో వెళ్ళడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. మావాళ్ళలో ఆడపిల్లని పైఊరు పంపి చదివించినవాళ్ళు అప్పటికి లేరు. నాయనమ్మకి అసలు ఇష్టం లేదు. "దాని మీద చిన్న మాటొచ్చినా ఆ రోజుతో చదువు సరి" అని నాన్నగారి చేత ఒప్పించుకుంది. ఆ షరతు నాకూ తెలుసు. ఆ రెండేళ్ళూ నేను చదివినదాని కన్నా భయపడిందే ఎక్కువ.

బోటనీలో రికార్డు అని ఒకటుంటుంది. వారానికో పువ్వు తెచ్చి, బ్లేడుతో పొడుగునా రెండుగా కోసి, ఆ సగం పువ్వుని చూసి పెన్సిలుతో వెయ్యాలి. రంగు వెయ్యకూడదు. నీడలు దిద్దకూడదు. గీత ఒక్కసారే పడాలి, మళ్ళీ మళ్ళీ గీకకూడదు. నేను మందారం వేస్తే గరిటెలా వచ్చేది. మా లెక్చరరమ్మ ఎర్ర పెన్సిలుతో దాని మీద అడ్డంగా కొట్టి "రిపీట్" అని రాసేవారు. రికార్డు ఒప్పుకోకపోతే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఒక్క పువ్వు రానందుకు చదువు పోతుందని నేను బండిలో కూర్చుని ఏడ్చేదాన్ని.

మా మేనత్త నాన్నగారికి అక్క. ఆవిడని చిన్నతనంలోనే కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో కొట్టు పెట్టుకున్నవాళ్ళింటికి ఇచ్చారు. పదకొండేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఆయన పదహారేళ్ళవాడు, పూజకి కలువలు తెస్తానని దోనె వేసుకుని కొల్లేట్లోకి వెళ్ళి, కాడలు కాళ్ళకి చుట్టుకుని మునిగిపోయాడు. మేం విన్న కథ అంతవరకే. అప్పట్నుంచి మా ఇంట్లోకి కలువ రాలేదు. మా అమ్మ వాకిట్లో ముగ్గేసినా అందులో పద్మం వేసేది కాదు.

అత్తయ్య తెల్లచీరా, బోసి చేతులూ మాకు పుట్టినప్పట్నుంచీ అలవాటైనవే. దేవుడికి మాలలు ఆవిడే కట్టేది. అవే చేతులతో ఒక్క మల్లెమొగ్గ మా తల్లో పెట్టకూడదు. నేను స్టేషనుకి బయల్దేరే వేళకి ఎదురు రాకుండా వంటింట్లోనే ఉండిపోయేది. చిన్నప్పుడు ఆవిడ చేతి ముగ్గుకి వీధి వీధంతా పేరని మా అమ్మ చెప్పేది. ఆ చెయ్యి వాకిట్లో ముగ్గు పట్టి పాతికేళ్ళు దాటిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం సరుకుల గదిలో బియ్యం బస్తా మీద రికార్డు పెట్టుకుని ఏడుస్తున్నాను. చింతపండు కోసం వచ్చిన అత్తయ్య నా వెనక నిలబడింది.

"అదేవిటే అమ్మడూ, పువ్వుని తెచ్చి కాడ మీద బోర్లించావు? పువ్వు కాడ మీద కూర్చోదు. కాడలోంచే వస్తుంది" అంది.

పెన్సిలు తీసుకుని కింద కూర్చుంది. పువ్వుని చాలాసేపు చూసింది. తర్వాత గీత ఒక్కటే గీసింది. ఆ గీత కాడ దగ్గర మొదలై రేకు అంచు దాకా వెళ్ళి, అక్కడ తిరిగి, మళ్ళీ కాడలోకే వచ్చింది. నా ఏడుపు ఆగిపోయి భయం పట్టుకుంది.

"నాయనమ్మ చూస్తేనో?"

"చూస్తే? దీనికి రంగుందా, వాసనుందా? తల్లో పెట్టుకునేదా? ఉత్త గీతేగా."

"రంగు వెయ్యకూడదని మా లెక్చరరమ్మ కూడా చెప్పారు" అన్నాను.

"చూశావా? మీ చదువూ నా పక్షమే" అని నవ్వింది. ఆవిడ పళ్ళు అంత బాగుంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

అలా మొదలైంది. నాయనమ్మ భోజనం చేసి నడవాలో చాపేసుకుని పడుకునేది. చేతికర్ర స్తంభానికి ఆనించి ఉండేది. ఆ కర్ర నేలకి తగిలిన చప్పుడైతే లేచినట్టు. చప్పుడు వినగానే అత్తయ్య పెన్సిలు రొండిన దోపుకుని చేట అందుకునేది. నాయనమ్మ గుమ్మం దాకా వచ్చేసరికి ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేది. నాకే ఆ నేర్పు లేదు. ఒకసారి "ఏం చేస్తున్నారే ఇద్దరూ?" అని నాయనమ్మ మామూలుగా అడిగితే, "బొమ్మలు నేనే వేసుకుంటున్నాను నాయనమ్మా" అన్నాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు. నాయనమ్మ నా వంక కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు తల్చుకుని నేను రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పువ్వులు ఇంటికి తేవడం కూడా భయమే. ఒక్కో పువ్వు ఇంట్లో ఒక్కో గొడవ తెచ్చేది. పచ్చగన్నేరు కొమ్మ తెస్తే మా అమ్మ మాటా పలుకూ లేకుండా దానికున్న కాయలన్నీ తెంపి పారేసి, ఆ వారమంతా నన్ను ఒంటరిగా వదల్లేదు. ఆ పప్పు నూరుకుని తిన్న ఆడపిల్లల కథలు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. జిల్లేడు తెస్తే నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ఇద్దరు పెళ్ళాలు పోయినవాడు మూడో పెళ్ళికి ముందు కట్టుకునే చెట్టు పెళ్ళికాని పిల్ల చేతిలో ఏమిటని. మొగలిపువ్వు పూజకి పనికిరాదు. ఉమ్మెత్త శివుడికి సరే, ఇంట్లో వద్దు. మనుషులకున్న పట్టింపులన్నీ పువ్వులకీ ఉన్నాయి. రికార్డులో మాత్రం అన్నిటికీ ఒకటే మర్యాద. అన్నిటినీ ఒకే బ్లేడుతో కోసి, ఒకే పెన్సిలుతో వేస్తాం. అత్తయ్యకి అది నచ్చిందనుకుంటాను. ఆవిడ ఉమ్మెత్తని కూడా మల్లెపువ్వంత శ్రద్ధగా వేసింది.

పువ్వుని పైనుంచి చూసినట్టు, చుట్లు చుట్లుగా వేసే పటం ఒకటుంటుంది. బయట చుట్టు ఆకుపచ్చ రేకులు, లోపల రంగు రేకులు, ఇంకా లోపల కేసరాలు, నడుమ అండాశయం. అది మొదటిసారి చూపించినప్పుడు అత్తయ్య వేలితో ఆ చుట్లు తడిమి, "ఇది ముగ్గేనే" అంది. ఆ రోజు ఒక్కసారే కూర్చుని నాలుగు వేసింది. నాలుగోది నాకు అక్కర్లేదు. ఆవిడే ఉంచుకుంటానంది. ఎక్కడ దాచుకుందో నాకు తెలీదు.

కేసరాలంటే ఏమిటని అడిగింది. సిగ్గుపడుతూ చెప్పాను, అవి మగభాగాలు, మధ్యది ఆడభాగం అని.

"ఒకే పువ్వులోనా? అయితే ఇద్దరూ ఒక్కసారే వాడిపోతారన్నమాట. అదృష్టవంతులు" అంది.

కేసరాలే ముందు రాలిపోతాయని, నడిమిది మిగిలి కాయవుతుందని నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేదు.

రెండో ఏడు చివర్లో ఒక్క పేజీ మిగిలింది. అది కలువ. లెక్చరరమ్మ చెప్పారు, కలువలో రేకులు లోపలికి పోయేకొద్దీ సన్నబడి అవే కేసరాలవుతాయని, ఎక్కడ రేకు ఆగి ఎక్కడ కేసరం మొదలైందో చెప్పలేమని, పరీక్షకి వచ్చేవాళ్ళు ముందు ఆ పేజీయే తిప్పుతారని. మమ్మల్ని ఒక శనివారం కొల్లేటికి తీసుకెళ్ళారు. ఇంట్లో నేను స్పెషల్ క్లాసుందని అబద్ధం చెప్పాను.

దోనె ఎక్కాం. మా ఇంట్లో ఆ నీళ్ళ పేరెత్తితే గొంతులు తగ్గిపోతాయి. నేను రెండు అంచులూ పట్టుకుని కూర్చుంటే గెడ వేస్తున్న పెద్దాయన నవ్వాడు. "అలా బిగబట్టుకోకండి అమ్మాయిగారూ, ములిగేదేం లేదండి. కిందకి దిగితేనేనండి గొడవ. ఈ కాడలు కాలికి సుట్టుకున్నాయంటే ఒదలవండి, మరి" అన్నాడు. అని, వంగి ఒక కలువని లాగాడు. కాడ వస్తూనే ఉంది. బారెడు వచ్చినా తెగలేదు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఈ బొమ్మ నేనే వేసుకుందాం, అత్తయ్యకి కనబడనివ్వకూడదు అని బండిలో నిశ్చయించుకున్నాను. పువ్వుని టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో నీళ్ళు పోసి పెట్టాను. ఇంట్లో అందరి కళ్ళూ కప్పే దారి అదొక్కటే అనుకున్నాను. క్యారేజీ గిన్నెలు తోమేది అత్తయ్యేనని ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. రెండేళ్ళుగా ఆ గిన్నెలు రోజూ మెరుస్తూ నా చేతికొస్తున్నాయి. ఎవరు తోముతున్నారో నేనెప్పుడు ఆలోచించాను గనక?

సాయంత్రం నూతి దగ్గర ఆవిడ మూత తియ్యడం పెరటి గుమ్మంలోంచి చూశాను. అరుగు మీదకి వెళ్ళేదాన్ని అక్కడే ఆగిపోయాను. ఆవిడ చాలాసేపు గిన్నెలోకి చూసింది. మళ్ళీ మూత పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం సరుకుల గదిలో ఆవిడే ముందొచ్చి కూర్చుని ఉంది, ఒళ్ళో గిన్నె పెట్టుకుని.

"బ్లేడియ్యి" అంది.

పువ్వు సగం ముడుచుకుపోయింది. ఒక్కో రేకుని వేలితో విప్పింది. రెండుగా కోసింది. ఎడమ వైపు నుంచి మొదలుపెట్టింది. పెద్ద రేకు, దాని తర్వాత కాస్త చిన్నది, ఇంకా సన్నది. చూస్తుండగానే రేకులు కేసరాలైపోయాయి. ఎక్కడ అయ్యాయో నాకు కనబడలేదు. వేస్తూనే, తల ఎత్తకుండా చెప్పింది.

"ఆయన పూజకని వెళ్ళలేదమ్మడూ. నేనడిగాను. కలువకాడని అటూ ఇటూ విరిస్తే గొలుసులా వస్తుంది, మెళ్ళో వేసుకోవచ్చు. పిల్లలందరూ వేసుకునేవారు. నాకూ కావాలన్నాను. పొడుగు కాడ కావాలన్నాను. పొడుగు కాడ లోతులోనే ఉంటుంది. పూజకని అందరూ అనుకున్నారు, నేను ఊరుకున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే నన్నేం చేస్తారోనని."

పువ్వులో సగం పూర్తయింది. నడుమ గీత దాటి ఆవిడ కుడి వైపు పెన్సిలు ఆనించబోతోంది.

ఆ రోజు నాయనమ్మ కర్ర లేకుండా వచ్చింది. గోడ పట్టుకుని నడిచొచ్చింది. చప్పుడే కాలేదు. మేం తలెత్తేసరికి గుమ్మంలో ఉంది. ఆవిడ చూపు బొమ్మ మీద పడలేదు, కలువ మీద పడింది. నాయనమ్మ భయపడగా నేను చూడడం అదే మొదలు. పెదాలు అదిరాయి.

"ఇది ఇంట్లోకి ఎవరు తెచ్చారు?"

నేను కొల్లేటికి వెళ్ళానని చెప్పాలి. అబద్ధమాడి వెళ్ళానని చెప్పాలి. ఆ ఒక్క క్షణంలో రైలూ, కాలేజీ, నా పుస్తకాలూ అన్నీ పోతున్నట్టు కనిపించింది. నోటికి ఏదొస్తే అది అన్నాను.

"అత్తయ్యే తెమ్మంది నాయనమ్మా. తనే అడిగింది."

అత్తయ్య నా వంక తిరిగింది. నేనేమన్నానో అప్పుడు నాకే అర్థమైంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏ మాట ఎవరన్నా అంటారేమోనని ఆవిడ హడలిపోతోందో, ఆ మాటే నేను అన్నాను. అదీ ఆవిడ తల్లి ముందు.

"అవునమ్మా. నేనే అడిగాను" అంది అత్తయ్య. పెన్సిలు నేల మీద పెట్టేసింది.

నాయనమ్మ కేకలెయ్యలేదు. "ఇంకా ఏం మిగిలిందని అడిగావే?" అంది, చాలా నెమ్మదిగా. తనే కూర్చుని పువ్వు ముక్కలన్నీ ఏరి విస్తరాకులో చుట్టి బయటికి తీసుకెళ్ళింది. ఆ మర్నాటి నుంచి సరుకుల గది తాళం నాయనమ్మ బొడ్లోకి వెళ్ళింది. అత్తయ్య మళ్ళీ పెన్సిలు ముట్టుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

కలువలో మిగిలిన సగం నేను వేశాను. ఎడమ సగం పక్కన అది, పట్టుచీరకి గోనె అతుకేసినట్టుంది. రికార్డు మొదటి పేజీలో "ఇందులోని బొమ్మలన్నీ నేను స్వంతంగా వేసినవి" అన్న ఇంగ్లీషు వాక్యం కింద సంతకం పెట్టాను.

ప్రాక్టికల్ పరీక్షకి పైఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నెరిసిన జుట్టు, లావు అద్దాలు. నా రికార్డు నాలుగు పేజీలు తిప్పి కలువ దగ్గర ఆగారు. వేలు ఎడమ నుంచి కుడికీ కుడి నుంచి ఎడమకీ తిప్పారు. నా చేతిలో బ్లేడు జారి బల్ల మీద పడింది.

"ఈ పువ్వుని రెండు చేతులు వేశాయమ్మా. ఇందులో నీ చెయ్యేది?"

అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. కుడి వైపు చూపించాను.

"మరి తక్కిన రికార్డంతా?"

"మా మేనత్తగారిదండీ. ఆవిడ పువ్వులు పెట్టుకోకూడదండీ. ముగ్గులు కూడా వెయ్యకూడదండీ. దీనికి రంగు లేదు కదా అనండీ..."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తుడవడం అయ్యేసరికి నా ప్రాణాలు సగం పోయాయి. "నీకు ఇవాళ ఇక్కడ నా ఎదురుగా వేసినదానికే మార్కులు. రికార్డుకి ఏమీ రావు. గట్టెక్కుతావులే" అన్నారు. తర్వాత మా ఇంటి చిరునామా అడిగి రాసుకుని, సంచీలోంచి ఒక పోస్టుకార్డు తీసి దాని మీద తన చిరునామా రాశారు.

"మా కాలేజీలో గోడకి తగిలించే పటాలు వేసేవాళ్ళు దొరక్క అవస్థ పడుతున్నాం. ఇంత శుభ్రమైన గీత నేను చూసి చాలా ఏళ్ళైంది. ఆవిడ మీ ఇంట్లో కూర్చునే వెయ్యొచ్చు. కాగితాలూ పెన్సిళ్ళూ మేం పంపిస్తాం. ఇష్టమైతే ఈ కార్డు వెనక ఏదో ఒక పువ్వు వేసి డబ్బాలో పడెయ్యమను. ఒక్క మాటా రాయనక్కర్లేదు. నాకు తెలుస్తుంది."

ఆ కార్డు బోటనీ పుస్తకంలో పెట్టుకుని బండెక్కాను. దెందులూరులో ఇచ్చేద్దామనుకున్నాను. భీమడోలులో వద్దనుకున్నాను. పూళ్ళ దాటాక మళ్ళీ ఇద్దామనుకున్నాను. ఇస్తే ఆవిడ వేస్తుంది. జవాబు కొట్టుకే వస్తుంది. మా ఉత్తరాలన్నీ నాన్నగారే విప్పుతారు. రికార్డు నాది కాదని, ఇంటి గుట్టు బయట చెప్పానని, కొల్లేటికి వెళ్ళానని, అత్తయ్య మీద అబద్ధమాడానని అన్నీ బయటపడతాయి. గూడెంలో దిగేసరికి పరీక్ష ఫలితాలు రానీ అనుకున్నాను. ఫలితాలొచ్చాక బి.ఎస్సీ.లో సీటు రానీ అనుకున్నాను. తర్వాత పెళ్ళి. తర్వాత నాయనమ్మ ఉండగా ఎందుకని. నాయనమ్మ పోయాక, ఇన్నేళ్ళ తర్వాత ఏ మొహం పెట్టుకుని అని. ఇంతా చేసి నేను బోటనీ లెక్చరర్నయ్యాను. ఏటా పిల్లల రికార్డుల్లో అదే వాక్యం కింద వాళ్ళ సంతకాలు చూస్తూ, ప్రతిసారీ నా గుండె దడదడలాడేది.

అత్తయ్య చివరి రోజుల్లో ఏలూరులో నా దగ్గరే ఉంది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో దానికీ పొర కమ్మింది. ఒక మధ్యాహ్నం నా బల్ల మీదున్న రికార్డొకటి తీసుకుని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. "ఎవరో పిల్ల, బాగానే వేసింది. కాడ దగ్గరే తొందరపడింది" అంది.

నేను లేచి వెళ్ళి పాత బోటనీ పుస్తకం తెచ్చాను. కార్డు ఆవిడ చేతిలో పెట్టాను. పరీక్ష గదిలో జరిగిందంతా చెప్పాను. ఆయన అన్న ప్రతి మాటా చెప్పాను. నా భయం సంగతి చెప్పాను. చెప్తున్నంతసేపూ పద్దెనిమిదేళ్ళ పిల్లలా వణికాను. ఆవిడ కార్డుని అటూ ఇటూ తిప్పింది. పసుపు రంగుకి వచ్చేసిన ఖాళీ వైపు బొటనవేలితో రాసి చూసింది.

"నన్నే అడిగారా?"

"అవునత్తయ్యా."

"మీ నాయనమ్మ వెయ్యనిచ్చేది కాదులే" అంది. నన్ను ఓదారుస్తోందనుకుని నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఇంకా కార్డునే తడుముతోంది.

"కానీ అడిగారని ఆ రోజే నాకు చెప్పుంటే బాగుండేదమ్మడూ. ఇన్నేళ్ళూ అదన్నా తల్చుకుంటూ పనిచేసుకునేదాన్ని."

తర్వాత పెన్సిలుందా అని అడిగింది. చెక్కి ఇచ్చాను. కార్డుని మోకాలి మీద పెట్టుకుని, ముగ్గుకి పెట్టినట్టు నడిమధ్యన ఒక చుక్క పెట్టింది. రెండో చుక్క పెట్టడానికి పెన్సిలు ఎత్తింది. మొదటిది ఎక్కడుందో ఆవిడకి కనబడలేదు.